మా ఇంటి ఐదో మాట

మొన్న మట్టల ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, పప్పుచారుతో అన్నం తిని, ఈస్టరు ముందు శ్రమకాలంలో మాంసం ఉండదు కనక ఆ దిగులుతో మళ్ళీ పప్పుచారుతోనే ఇంకాస్త తిని, మంచం మీద వాలానో లేదో ఫోను కుయ్‌మంది. గుణదలలో మేం వెళ్ళే చర్చి వాట్సాప్ గ్రూపులో అయ్యగారు మంచి శుక్రవారం పట్టిక పెట్టారు. ఏడు మాటలు, ఏడుగురు మనుషులు, మనిషికి ఏడేసి నిమిషాలు. ఐదో మాటకి ఎదురుగా నా పేరు. కింద ఒక హెచ్చరిక: వేదిక ముందు టైమర్ ఉంటుంది, ఆఖరి నిమిషంలో అంకెలు ఎర్రబడతాయి, దయచేసి గమనించగలరు. ఆ ‘దయచేసి’ నా ఒక్కడి కోసమే పెట్టారని గ్రూపులో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. మా ఆవిడ ఫోను చూసి, “ఏడు నిమిషాలేంటండీ, మీరు గొంతు సవరించుకోడానికే చాలదు కదా,” అంది. మామూలుగా అయితే ఆ మాటకి నా దగ్గర పదకొండు నిమిషాల సమాధానం ఉండేది. ఆ మధ్యాహ్నం మాత్రం ఫోను బోర్లించి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఐదో మాట అన్న రెండు ముక్కలు చూసి ముప్పై ఏళ్ళు దాటింది మరి. చూడకుండా తప్పించుకు తిరిగాను అంటే ఇంకా నిజం.

తెలియనివారి కోసం చెబుతాను. ప్రభువు సిలువ మీద వేలాడుతూ పలికిన మాటలు ఏడు. మంచి శుక్రవారం పన్నెండు గంటల నుంచి మూడు గంటల దాకా ఒకరి తర్వాత ఒకరు ఏడుగురు లేచి వాటిని వివరిస్తారు. మొదటిది మేకులు కొట్టినవాళ్ళని క్షమించమన్న మాట, రెండోది పక్క సిలువ మీది దొంగకి ఇచ్చిన మాట, మూడోది తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, నాలుగోది చెయ్యి విడిచావేమని తండ్రిని అడిగిన మాట. ఆరోది పని పూర్తయిందని, ఏడోది ఆత్మని అప్పగించడం. మధ్యలో ఆ ఐదోది, దాహమని. అన్నిటిలోకీ అదే చిన్నది. దేవుడి కుమారుడు మిగతా ఆరు మాటలూ లోకం కోసమో, తండ్రి కోసమో, తల్లి కోసమో అని, తన ఒంటి కోసం అడిగింది ఆ ఒక్కటే.

ఉయ్యూరుకి కూతవేటు దూరంలో ఉన్న మా ఊరి చర్చిలో ఈ ఏడు మాటలకీ ఏడు ఇళ్ళుండేవి. ఎవరు ఎప్పుడు పంచారో తెలీదు గానీ పొలాలు పంచుకున్నంత పక్కాగా పంచుకున్నారు. తండ్రి పోతే కొడుకు, కొడుకు లేకపోతే అల్లుడు. పెళ్ళి సంబంధాలప్పుడు “వాళ్ళది మూడో మాట ఇల్లండీ, నెమ్మదస్తులు” అని చెప్పుకునేవాళ్ళు. మాది ఐదో మాట. మా తాత ఆ ఒక్క పదాన్ని పట్టుకుంటే నలభై నిమిషాలకి తగ్గేవాడు కాదు. ఎర్రసముద్రంలో దిగి, యొర్దాను దాటి, మా కాలవకి నీళ్ళు వదలని ఇంజనీర్లని నాలుగు మాటలని, గలిలయ సముద్రం ఒడ్డున కాసేపు ఆగి అప్పుడు సిలువ దగ్గరికి వచ్చేవాడు. ఆయన మొదలుపెట్టినప్పుడు చర్చి బయట కట్టేసిన చూడిగేదె ఈని, దూడ నిలబడి, పాలు తాగి, కునుకు తీసి లేచేసరికి కూడా తాత ఇంకా యొర్దానులోనే ఉండేవాడని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. గేదె మాది కాబట్టి నేను ఖండించలేను.

ఇల్లంతా చర్చి సంవత్సరం మీదే నడిచేది. మా మామ్మ మార్తమ్మకి చదువు రాదు, క్యాలెండరుతో పనిలేదు. క్రిస్మస్ ముందు ఆగమనకాలం వచ్చిందంటే గోడలకి సున్నం, వాకిట్లో వెదురుబద్దల నక్షత్రం, పొయ్యి మీద అరిసెల పాకం. కొత్త సంవత్సరం నాటి ఉదయం ఇత్తడి పళ్ళెంలో వాగ్దానపు చీటీలు. ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని తలో చీటీ తీయాలి, ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అది. అందరికీ ఆశీర్వాదాలూ, దీర్ఘాయువులూ వచ్చేవి. నాకు మాత్రం వరసగా నాలుగేళ్ళు, సోమరీ, చీమ దగ్గరికి వెళ్ళి నేర్చుకో అన్న అర్థం వచ్చే వాక్యమే వచ్చింది. అది వాగ్దానాల్లోకి ఎలా దూరిందో, మామ్మ ఎవరిచేత రాయించి దూర్చిందో ఆమే చెప్పాలి. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళు. మా శాఖ వేరు, ఆ కొండ మాది కాదు, అయినా ఆ మెట్లెక్కి రాకపోతే మామ్మకి ఏడాదంతా మోకాళ్ళు పనిచేసేవి కావు. ఆ వెనకే నుదుట బూడిద పెట్టించుకునే భస్మ బుధవారం. బూడిదకి మాకు కొదవలేదు. పంచదార ఫ్యాక్టరీ గొట్టంలోంచి చెరుకుపిప్పి మసి నవంబరు నుంచీ ఊరందరి నెత్తినా, ఏ శాఖ అని అడక్కుండా రాలుతూనే ఉండేది. గాలి తిరిగితే చెరుకు మడ్డి వాసన, తీపీ పులుపూ కలిసి, ముక్కులోంచి గొంతులోకి దిగేది. ఇవాళ ఆటోనగర్ మీదుగా వెళుతుంటే ఎక్కడన్నా బెల్లం లారీ ఆగి ఉంటే నేను బండి పక్కకి తీసి ఊరికే నిలబడతాను. మా ఆవిడకి ఈ సంగతి తెలీదు.

శ్రమకాలం నలభై రోజులూ మాంసం లేదు, తలకి నూనె లేదు, కొత్త బట్ట లేదు, పెద్దగా నవ్వకూడదు. ఆఖరిది నన్ను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం. మట్టల ఆదివారం వెళితే చింతపండు గింజ తీయాలి. ఈస్టరు, అంటే పునరుత్థాన పండుగనాడు తెల్లవారుజామున సమాధుల తోటలో కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూలు పరిచి, పాటలు పాడి ఇంటికొస్తే, మర్నాటి నుంచి ఆవకాయ కాయల బేరం. ఆ పైన యాభై రోజులకొచ్చే పెంతెకొస్తు నాటికి జాడీకి వాసెన కట్టి అటకెక్కించాలి. ఇంత పట్టికలో మామ్మ అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది మంచి శుక్రవారం ఉపవాసం. గురువారం సాయంత్రం అన్నం తిని చెంబు బోర్లించేది. మళ్ళీ శుక్రవారం మూడు గంటలకి ఆరాధన ముగిసి మజ్జిగ ఇచ్చేదాకా నీటి చుక్క లేదు. మేమెవరం ఆ పూట కాలవ వైపు చూసినా ఒప్పుకునేది కాదు, “ఏరా, కళ్ళతో తాగుతున్నావా” అనేది. ఏడేళ్ళ వయసు నుంచీ ఒక్క ఏడు కూడా తప్పలేదట. ఒకసారి విరేచనాలతో మంచమెక్కినా డాక్టరుని వాకిట్లోనే ఆపి, మూడు దాటాక రమ్మందట.

తాత వానాకాలంలో పోయాడు. ఐదో మాట మా నాన్న భుజాన పడింది. నాన్న పేరు యేసుపాదం, ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర గుమాస్తా. మంచివాడు, పొడగరి, నత్తి. పాట పాడితే గొంతు కాలవలో నీళ్ళలా జారిపోయేది, మాట మాత్రం మొదటి అక్షరం దగ్గరే బండి దిగబడినట్టు దిగబడేది. అందుకే ఇంట్లో ఆయన ఎక్కువగా తలతో మాట్లాడేవాడు, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. ఆగమనకాలం మొదటి ఆదివారం సంఘ పెద్ద దేవసహాయం మాస్టారు మా అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. వాళ్ళది ఆరో మాట ఇల్లు.

“మార్తమ్మగారూ, అబ్బాయిని ఇబ్బంది పెట్టడం ఎందుకండీ. అంతమంది ముందు మాట రాక నిలబడితే మనకే కష్టంగా ఉంటుంది. ఐదోది కూడా మేం చూసుకుంటాం లెండి.”

“ఒక్క ఏడు చూడండి మాస్టారూ,” అంది మామ్మ. “మోషేకీ నత్తే కదా. దేవుడు వేరే ఇల్లు చూసుకున్నాడా?”

“మోషే పక్కన అహరోను ఉన్నాడండీ మాట్లాడ్డానికి.”

“మా ఇంట్లోనూ ఉన్నాడు లెండి,” అని మామ్మ నా వైపు చూసింది. “ఈసారి చెప్పలేకపోతే మీరే తీసుకోండి.”

అదీ ఒప్పందం. చెబితే మాట మా ఇంట్లో ఉంటుంది, చెప్పకపోతే పోతుంది. నేనప్పుడు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం కూడా నా అతిశయమే, కాలేజీ దాకా బస్సులో వెళ్ళి వస్తున్నాను. అహరోను పదవి రాగానే నాకు తలకెక్కింది. రెండు వారాలు లైబ్రరీలో కూర్చుని, లేఖనాల్లో నీళ్ళ చుక్క ఎక్కడ పడిందో అక్కడల్లా దోసిలి పట్టాను. అరణ్యంలో బండని కొడితే వచ్చిన నీళ్ళు, దావీదు కోసం ముగ్గురు శూరులు ప్రాణాలకి తెగించి బావిలోంచి తెస్తే ఆయన తాగలేక నేల మీద పారబోసిన నీళ్ళు, నరకంలో ధనవంతుడు వేలికొనతో అడిగిన చుక్క. బావి దగ్గర సమరయ స్త్రీతో ఇక దప్పిక లేని నీళ్ళిస్తానన్నవాడే ఇక్కడ నాలుక పిడచగట్టి ఎందుకు అడిగాడన్నది నా ప్రశ్న. మూడు పేజీలు వచ్చింది. అందులో కంఠసీమలూ, మరుభూములూ, దాహమనే మహాసింహాలూ ఎన్ని గర్జించాయో చెప్పను. మా తాత దిగని ఒక నదిలోకి కూడా నేను దిగాను.

నలభై రోజులూ నాన్నకి శిక్షణ. చిన్నపిల్లలకి మాట రావాలని వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తారు చూడండి, మామ్మ అది నలభై రెండేళ్ళ నాన్నకి రోజూ పొద్దున్నే తేనెలో కలిపి పెట్టేది. ఆయన మీసాలకి తేనె అంటుకుని, చీమలు పట్టి, కాటా దగ్గర బండివాళ్ళు నవ్వుకునేవాళ్ళని అమ్మ గొణిగేది. సాయంత్రం పెరట్లో నిలబెట్టి నేను ఒక్కో వాక్యం చదివేవాణ్ణి, నాన్న పలికేవాడు. ‘దాహం’ దగ్గరికి వచ్చేసరికి ‘దా’ దగ్గర ఆగేది. ఆ ‘హం’ కోసం నేనూ, మామ్మా, పొయ్యి దగ్గర అమ్మా, ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

“పోనీ ఆ మాట లేకుండా చెప్పించరా అబ్బాయ్,” అంది మామ్మ ఒక రోజు.

“ఐదో మాటే అది మామ్మా. అది తీసేస్తే ఇంకేముంది చెప్పడానికి?”

“మీ తాత నలభై నిమిషాల్లో ఎన్నిసార్లన్నాడు? నాకు తెలిసి రెండుసార్లు.”

నాన్న అది విని నవ్వాడు. శ్రమకాలం అని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ మంచి శుక్రవారం ఎండ గురించి నేను అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. చర్చి పెంకుల మీద కాకి వాలి, కాలు మార్చుకుని, ఇంకో కాలూ మార్చుకుని ఎగిరిపోయింది. కరెంటు లేదు. ఆ ఏడు సీజను సాగడంతో ఆఖరి చెరుకు నరకడానికి వచ్చిన కూలీలు ఊళ్ళోనే ఉన్నారు. తెల్లవారినప్పటి నుంచీ నరికి, బండి కాటా దాటించి, పిల్లలతో సహా అలాగే వచ్చి చర్చి బయట పందిరి కింద కూర్చున్నారు. లోపల చోటు లేదు. గుమ్మం పక్కన, మూడు గంటల మజ్జిగ కోసం ఆడవాళ్ళు నింపిపెట్టిన నీళ్ళ కుండలు తడిగుడ్డ చుట్టుకుని చల్లగా ఉన్నాయి. నాలుగో మాట అయింది. అయ్యగారు బల్ల మీది చిన్న గంట కొట్టారు. ఇస్త్రీ చొక్కా, జేబులో నా మూడు పేజీలు, నాన్న లేచి వెళ్ళి నిలబడ్డాడు.

నిలబడ్డాడంతే. కాగితం తీయలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నేను మూడో వరసలోంచి మొదటి వాక్యం పెదాలతో అందించాను. ఆయన నన్ను చూడటం లేదు, మా అందరి తలల మీదుగా గుమ్మం బయటికి చూస్తున్నాడు. అక్కడ పందిరి కింద ఒకామె ఒళ్ళో పిల్లాడి పెదవులు కొంగుతో తుడుస్తోంది. చర్చిలో ఒక దగ్గు వినపడింది. నాన్న వేదిక దిగాడు. పారిపోతున్నాడని నేను తల దించుకున్నాను. ఎత్తేసరికి గుమ్మం దగ్గర కుండ ఆయన భుజాన ఉంది, చేతిలో చెంబు ఉంది.

దేవసహాయం మాస్టారు నడవలోకి వచ్చి మెల్లగా, “యేసుపాదం, ఇంకా మూడు కాలేదు. ఉపవాసం. పెట్టెయ్ కుండ,” అన్నాడు. నాన్న ఏదో చెప్పబోయాడు, మొదటి అక్షరం దిగబడింది, ఇక దాన్ని అక్కడే వదిలేసి మాస్టారుని పక్కనుంచి చుట్టి పందిరి కిందికి వెళ్ళాడు. ఆ పిల్లాడి తల్లి, “వద్దండీ, లోపల మీరెవరూ తాగలేదుగా,” అంది. నాన్న చెంబు అలా పట్టుకునే నిలబడ్డాడు. ఆమె పిల్లాడికి పట్టి, తర్వాత తనూ తాగింది. పందిరి మొత్తం అయ్యాక రెండో కుండ ఎత్తుకుని లోపలికొచ్చాడు. మగవాళ్ళ వైపు వరసల్లో ఒక్కొక్కరే తల అడ్డంగా ఊపారు. నా దగ్గరికొస్తే నేను కూడా ఊపాను. అది రాయకుండా ఉండొచ్చు, కానీ రాస్తున్నాను. చివరికి ఆడవాళ్ళ వైపు, మొదటి చాప మీద, మామ్మ. ఏడేళ్ళ వయసు నుంచీ మోసుకొచ్చిన శుక్రవారాలన్నీ ఆమె ఒళ్ళో ఉన్నాయి. గోడ గడియారం చూసింది, మూడుకి ఇంకా గంట పైనే ఉంది. కొడుకు మొహం చూసింది. చెంబు అందుకుని, ఎత్తిపట్టి, చివరి చుక్క దాకా తాగింది. చర్చి అంతటికీ ఆమె గుటక వినపడింది. తర్వాత చెంబు చాపి, “ఇంకాస్త పొయ్యి,” అంది.

ఆ తర్వాత ఆడవాళ్ళందరూ తాగారు. మగవాళ్ళ వైపు నుంచి కూడా చేతులు వచ్చాయి. అయ్యగారు కూడా తాగారు. అంతా అయ్యాక ఆయన గడియారం చూసి గంట కొట్టారు, ఆరో మాటకి. నాన్న కుండ దించి, తడిసిన చొక్కాతో వచ్చి నా పక్కన కూర్చున్నాడు. జేబులో నా మూడు పేజీలు ఉండకట్టి ఉన్నాయి.

పండుగ వెళ్ళాక దీని మీద సంఘం కూర్చుంది. దేవసహాయం మాస్టారు చెడ్డవాడు కాదు. “అతని మనసుకి వంక పెట్టేవాడు మనలో ఎవడూ లేడు. కానీ అప్పగించింది మాట చెప్పమని. ఒప్పందం మార్తమ్మగారిదే,” అన్నాడు. మామ్మ లేచి, “అవునండీ, నాదే,” అంది. ఐదో మాట వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్ళూ మంచి శుక్రవారం ఐదో మాట రాగానే కొంగు నెత్తి మీదికి లాక్కుని నేల చూసేది. నాన్న మీద ఒక్క మాట పడనివ్వలేదు. నేను మాత్రం పడనిచ్చాను. నా మహాసింహాలు జేబులో తడిసి చచ్చాయన్న కోపం నాకు చాలా ఏళ్ళు తగ్గలేదు. భయపడ్డాడు, తప్పించుకోడానికి కుండ దొరికింది, అంతే అని తీర్మానించుకున్నాను. కాలేజీ క్యాంటీన్లో ఆ కథ చెప్పాను, నాన్న నత్తితో సహా. వస కొమ్ము, మీసాలకి చీమలు, అన్నీ కలిపాను. అందరూ పడీపడీ నవ్వారు. నేను నలుగురిని నవ్వించి బతకగలనని నాకు తెలిసింది ఆ రోజే. ఇన్నేళ్ళుగా నేను తింటున్న అన్నంలో మొదటి ముద్ద అదన్నమాట.

ఇప్పుడు మా చర్చిలో ఏసీ ఉంది. పాట తెర మీద కనిపిస్తుంది, ఎవరూ బట్టీ పట్టనక్కర్లేదు. మూడు కాగానే మజ్జిగ ప్యాకెట్లు వరసల్లోకి వస్తాయి. ఉపవాసం ఎవరిది వారిష్టం, బీపీ ఉన్నవాళ్ళు మందులు వేసుకోవచ్చని అయ్యగారు ముందే చెబుతారు, నేను వేసుకుంటాను కూడా. ఏ మాట ఏ ఇంటిదన్న గొడవ లేదు, అడిగినవాళ్ళకి ఏదైనా ఇస్తారు, ఆడవాళ్ళకీ ఇస్తారు, ఈసారి మూడో మాట ఒక డాక్టరమ్మది. ఇవన్నీ మంచివే. ఆ రోజులే బాగుండేవని నేననను. అప్పటి మా చర్చిలో చెరుకు నరికినవాళ్ళు బయట కూర్చున్నారన్న సంగతి అప్పుడు నాకు తోచనే లేదు. కానీ ఏడాదంతా ఒకే వాసనల మీద నడిచిన ఆ ఇల్లు, ఒక్క చిన్న మాట కోసం నలభై రోజులు ఊపిరి బిగబట్టిన ఆ ముగ్గురూ కావాలనిపిస్తుంది. ఎల్లుండి శుక్రవారం నేను ఏం చెబుతానో ఇంకా తెలీదు. రెండుసార్లు రాసి చింపాను. టైమర్ ఎర్రబడకముందే దిగుతానని మాత్రం మా ఆవిడకి మాటిచ్చాను, ఆమె నమ్మలేదు.

నాన్న ఆఖరి రెండేళ్ళూ మా దగ్గరే ఉన్నాడు. పోవడానికి కొన్ని నెలల ముందు, శ్రమకాలంలోనే, ఒక సాయంత్రం డాబా మీద కూర్చున్నాం. ఎండిన వడియాలు ఒలిచి డబ్బాలో వేస్తున్నాడు. ఉన్నట్టుండి తల ఎత్తి, కొండ వైపు చూస్తూ, నా మొదటి వాక్యం మొదలుపెట్టాడు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. రెండో వాక్యం, మూడోది. అరణ్యంలో బండ వచ్చింది, దావీదు బావి వచ్చింది, ధనవంతుడి చుక్క వచ్చింది. మధ్యమధ్య ఆగేది, ఆగినచోట తొందరపడకుండా నిలబడి, దారి దొరికాక మళ్ళీ నడిచేవాడు. కంఠసీమ వదల్లేదు, మరుభూమి వదల్లేదు, సింహాల్లో ఒక్కదాన్ని కూడా తప్పిపోనివ్వలేదు. మూడు పేజీలూ అయ్యాక ఒక వడియం నోట్లో వేసుకుని, “బా...బాగా రాశావురా,” అన్నాడు.

“మొత్తం వచ్చా నాన్నా నీకు? ఆ రోజు కూడా?”

నిలువుగా తల ఊపాడు.

“మరి చెప్పలేదేం?”

నేనడిగింది వింతగా ఉన్నట్టు చూశాడు. “చె...చెబుదామనే లేచాను. ముందు వాళ్ళకి నీళ్ళిచ్చి, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. ఇచ్చేసరికి టైమైపోయింది.”

నేను వడియాల డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను.

“ఇంకోసారి చెప్పు నాన్నా,” అన్నాను.

డబ్బా పక్కకి జరిపి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు.